కొండమీది గొంతు ఆగకుండా...

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. ఆ ఊళ్లో ఉన్నవాళ్ల కష్టం ఒక రకం. తమవాళ్లను అక్కడ ఉంచుకుని బయటి ఊళ్లలో ఉన్నవాళ్ల కష్టం ఇంకో రకం. ఎన్నిసార్లు చేసినా ఫోను పలకదు. అమ్మ ఎలా ఉందో, అక్కయ్యా వాళ్ల ఇల్లు నిలిచిందో లేదో... టీవీలో కూలిన చెట్లు చూపిస్తారు గానీ మనవాళ్ల వీధి చూపించరు కదా! నీళ్లు లేకపోయినా, కరెంటు లేకపోయినా నాలుగు రోజులు ఓర్చుకుంటాం. 'బాగున్నాం' అన్న ఒక్క మాట అందకపోతేనే గుండె నిలవదు.

దాదాపు పదేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరులో, అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఎంతోమందికి ఇదే అనుభవం ఎదురైంది. హెలీన్ అనే తుపాను 26వ తేదీ రాత్రి ఫ్లోరిడా దగ్గర తీరం దాటి, మర్నాటికి ఆ రాష్ట్రపు పడమటి కొండల మీదికి చేరింది. సముద్రానికి వందల మైళ్ల దూరంలో, కొండల నడుమ ఉన్న ఆషెవిల్ లాంటి ఊళ్లకు తుపాను వస్తుందని ఎవరనుకుంటారు? బ్యూసిక్ అనే చోట ఆ నాలుగు రోజుల్లో దాదాపు 31 అంగుళాల వాన పడింది. వాగులు నదులయ్యాయి, నదులు వీధుల్లోకొచ్చాయి. కొండచరియలు విరిగి రోడ్లు తెగాయి. ఆ ఒక్క రాష్ట్రంలోనే వందమందికి పైగా చనిపోయారు. ఆషెవిల్ కుళాయిల్లో తాగే నీళ్లు మళ్లీ వచ్చింది నవంబరు 18న! సెల్‌ఫోన్లా? టవర్లు చాలావరకు మూగబోయాయి. ఆ రాష్ట్రంలో మన తెలుగువాళ్లు కూడా బాగానే ఉన్నారు కాబట్టి, ఆ వారం ఇక్కడ కొన్ని ఇళ్లలో కూడా నిద్రలుండి ఉండవు.

ఆ మూగ కొండల్లో ఒక గొంతు మాత్రం పలుకుతూనే ఉంది. మౌంట్ మిచెల్ పేరుతో పిలిచే హ్యామ్ రేడియో రిపీటర్ అది. 145.190 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఫలానా రోడ్డు తెగింది, ఫలానా ఇంట్లో ముసలాయనకు మందులు అయిపోయాయి, ఫలానా లోయలో మా పిన్నిగారున్నారు, ఎవరైనా వెళ్లి చూడగలరా... ఇలాంటి మాటలు రోజుల తరబడి దాని మీదుగానే సాగాయి. లైసెన్సు లేనివాళ్లు కూడా చిన్న చిన్న చేతి రేడియోలు పెట్టుకుని, ఎవరేం చెబుతారా అని చెవులు రిక్కించి కూర్చున్నారు.

మాట్లాడిన వాళ్లను పత్రికలు మెచ్చుకున్నాయి. మెచ్చుకోవలసిందే. అయితే నాకు ఆసక్తి కలిగింది మాట్లాడిన వాళ్ల మీద కాదు. ఆ పెట్టె ఆ రోజు పలకడానికి అంతకుముందు ఏళ్లపాటు కొండెక్కి దాన్ని తుడిచి, బిగించి, చూసుకున్న వాళ్ల మీద. వాళ్లను గురించి ఎవరూ పెద్దగా రాయలేదు.

ఇంతకీ రిపీటర్ అంటే?

హ్యామ్ రేడియో అంటే పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సొంత రేడియోతో తోటి హ్యామ్‌లతో మాట్లాడుకోవడం. డాక్టర్లు, టీచర్లు, మెకానిక్కులు, గృహిణులు... ఎవరైనా హ్యామ్ కావచ్చు. ఒక్కటే షరతు. దీంతో డబ్బు సంపాదించకూడదు.

ఈ రేడియో తరంగాల్లో రెండు స్వభావాలవి ఉన్నాయి. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలో ఎంతో ఎత్తున ఉన్న పొరను తాకి, వంగి, మళ్లీ నేలకు దిగుతాయి. అందుకే వేల మైళ్లు వెళతాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఆ బృందానికి నాయకురాలు భారతీ ప్రసాద్ అనే గృహిణి. ప్రపంచంలోని హ్యామ్‌లతో సరదాగా పలకరింపుల కోసం వెళ్లిన ఆమె, ఆ పొద్దుటి నుంచీ అండమాన్‌లో చిక్కుకున్న వాళ్ల క్షేమ సమాచారాలు ప్రధాన భూభాగానికి చేర్చే పనిలో పడ్డారు. అది షార్ట్‌వేవ్ మహిమ.

రెండో రకం తరంగాలు అలా వంగవు. తిన్నగా పోతాయి. ఎదురుగా కొండ ఉంటే అక్కడితో సరి. చేతిలో పట్టుకునే చిన్న రేడియోలు ఎక్కువగా ఈ రకమే. లోయలో ఉన్న మనిషి మాట పక్క లోయలోకి పోదు. మరి ఏం చేయాలి? ఇద్దరికీ కనిపించే ఎత్తయిన చోట ఒక యంత్రాన్ని కూర్చోబెట్టాలి. అది కింది నుంచి వచ్చిన బలహీనమైన మాటను విని, అదే క్షణంలో గట్టిగా తిరిగి చెబుతుంది. అదే రిపీటర్. మౌంట్ మిచెల్ ఎత్తు 6,684 అడుగులు. అంటే మన తిరుమలకు రెండింతల పైనే. మిసిసిపీ నదికి తూర్పున అమెరికాలో అంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. చుట్టూ అంతా మైదానమే అనుకుంటే, ఆ ఎత్తు నుంచి దాదాపు 160 కిలోమీటర్ల దాకా కనబడుతుందని లెక్క. రేడియో తరంగం ఇంకాస్త ముందుకే పోతుంది.

(ఆ శిఖరం పేరు ఎలీషా మిచెల్ అనే ప్రొఫెసరుది. అది ఎంత ఎత్తో తేల్చడానికి మళ్లీ కొలవబోయి, 1857లో ఆ కొండల్లోనే జారిపడి చనిపోయాడు. సమాధి శిఖరం మీదే ఉంది. ఎత్తు కోసం ప్రాణం పెట్టిన మనిషి పేరే ఈ రిపీటరుకూ వచ్చింది, చూడండి!)

చెవీ నోరూ పక్కపక్కనే

రిపీటర్ చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు. టవరు కింద చిన్న గది. అందులో ఇనుప బీరువా లాంటి రాక్. రాక్‌లో రేడియో పెట్టె, పవర్ సప్లై, కింద బ్యాటరీలు. గోడలోంచి బయటికి పోయే లావుపాటి నల్ల కేబుల్, దాని చివర టవరు మీద పొడవాటి కర్రలాంటి యాంటెన్నా. అంతే.

కానీ ఒక చిక్కుంది. ఈ యంత్రం వింటూనే మాట్లాడాలి. మిచెల్ రిపీటరు వినేది 144.590 మీద, మాట్లాడేది 145.190 మీద. మధ్య తేడా చాలా స్వల్పం. ఒకే యాంటెన్నా. తన నోటి నుంచి పదుల వాట్ల బలంతో అరుస్తూ, ఎక్కడో లోయలో బ్యాటరీ అయిపోతున్న చేతి రేడియో గుసగుసను అదే సమయంలో వినాలి. పెళ్లిపందిట్లో బ్యాండు మేళం పక్కన నిలబడి, వీధి చివర చంటిపిల్ల ఏడుపు పట్టుకోవడం లాంటిది!

ఈ పని చేసిపెట్టేవి డూప్లెక్సర్ అనే పొడవాటి లోహపు డబ్బాలు. ఒక్కో డబ్బా లోపల ఉన్న కడ్డీని వెంట్రుకవాసి పైకీ కిందికీ జరిపి, ఇటు మాట అటు పోకుండా శృతి చేస్తారు. తంబురా శృతి చేసినట్టే. కొండ మీద ఎండకూ చలికీ లోహం సాగుతుంది, ముడుచుకుంటుంది. శృతి తప్పిందంటే రిపీటర్ చచ్చిపోదు, చెవుడొస్తుంది. అదే ప్రమాదం. మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం. దూరంగా ఉన్న బలహీనమైన గొంతులు మాత్రం ఒక్కొక్కటే రాలిపోతుంటాయి. తుపానులో సాయం అడిగేవి ఆ గొంతులే కదా!

అసలు శత్రువు నీళ్లు

కొండమీది రేడియో గదికి ఏది ప్రమాదం అంటే పిడుగు అంటారు చాలామంది. పిడుగు పడేది ఎప్పుడో ఒకసారి. నీళ్లు రోజూ ప్రయత్నిస్తూనే ఉంటాయి.

యాంటెన్నాకూ కేబులుకూ మధ్య జోడింపు ఉంటుంది. దాని మీద ముందు సాగదీసి చుట్టే రబ్బరు టేపు, దాని మీద మామూలు నల్ల టేపు చుడతారు. ఆఖరి చుట్టు ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలి, ఇంటిమీద పెంకుల్లాగా ఒకదాని అంచు మీద ఇంకొకటి కూర్చునేట్టు. అప్పుడు వాన జారిపోతుంది. పై నుంచి కిందికి చుడితే ప్రతి అంచూ నీటిని లోపలికి పిలిచే గుమ్మమే. కేబులు గదిలోకి వచ్చేచోట కూడా తిన్నగా లోపలికి తేకూడదు. గోడ రంధ్రం కన్నా కాస్త కిందికి వేలాడేలా వంపు తిప్పి, అప్పుడు లోపలికి తీసుకోవాలి. కేబులు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గర బొట్లుబొట్లుగా నేల మీద పడిపోతుంది. మన ఇంటికి డిష్ కేబులు బిగించిన అబ్బాయి ఇలా వంపు తిప్పాడో లేదో ఒకసారి చూసుకోండి. గోడమీద చెమ్మ మచ్చ ఎందుకొచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

కేబుల్లోకి నీరు దిగితే బయటికి ఏమీ కనిపించదు. అందుకే కొండెక్కినప్పుడల్లా ఒక చిన్న మీటరు తగిలించి చూస్తారు. యాంటెన్నా వైపు ఎంత శక్తి పోతోంది, దానిలో ఎంత వెనక్కి తిరిగి వస్తోంది. ఈ రెండంకెలూ గదిలో వేలాడదీసిన నోటుపుస్తకంలో తేదీ వేసి రాస్తారు. కిందటిసారి వెనక్కి వచ్చింది అర వాటు, ఈసారి రెండు వాట్లు అయితే, పైన ఎక్కడో నీరు చేరుతోందన్నమాట. ఆ రెండు రూపాయల నోటుపుస్తకం లేకపోతే ఎంత ఖరీదైన మీటరున్నా ఒకటే. కిందటి అంకె తెలియకపోతే ఇవాళ్టి అంకె మంచిదో చెడ్డదో ఎలా చెప్పగలం? చాకలిపద్దు, పాలపద్దు రాసే అలవాటున్న మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక మంచు. మౌంట్ మిచెల్ మీద 1985 జనవరి 21న సున్నాకు దిగువన 34 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి నమోదైంది. మన లెక్కలో సుమారు మైనస్ 37. నార్త్ కరోలినాలో అంతకన్నా చలి ఎప్పుడూ నమోదు కాలేదు. అలాంటిచోట మేఘంలోని తేమ గాలికి కొట్టుకొచ్చి టవరుకు తగిలిన క్షణంలోనే గడ్డకడుతుంది. యాంటెన్నా చేయంత లావు మంచు తొడుగు వేసుకుంటుంది. ఎండ రాగానే ఆ గడ్డలు ఊడి ఇటుకల్లా కిందికి పడతాయి. కింద ఉన్న కేబులు నలిగిపోకుండా దానిమీద ఇనుప జల్లెడ పందిరి వేస్తారు. టవరు దగ్గరికి వెళ్లేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి.

పైగా ఆ శిఖరానికి కారులో వెళ్లాలంటే బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీదుగానే. చలికాలం మంచు పడితే ఆ రోడ్డు మూసేస్తారు. హెలీన్ తర్వాతయితే కొండచరియలు విరిగిపడి ఆ రోడ్డు మొత్తానికే మూతపడింది. 'ఇవాళ ఏదో చెడింది, వెళ్లి బాగుచేసి వద్దాం' అనుకోవడానికి కుదరదన్నమాట. దారి తెరిచి ఉన్న రోజుల్లోనే అన్నీ చూసి రావాలి. అందుకే ఇలాంటి కొండలకు వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు జాబితా రాసుకుంటారు. ఫ్యూజులు, టేపు, స్క్రూడ్రైవర్లు, కనెక్టర్లు, టార్చి, మంచినీళ్లు, పాత బట్టలు. చిన్న ఫ్యూజు మరిచిపోతే మళ్లీ కొండ దిగి ఎక్కాల్సిందే.

ఎలుకలూ, బ్యాటరీలూ

చలిరాత్రి కొండమీద వెచ్చగా ఉండే చోటు ఏది? రేడియో గదే. ఆ సంగతి మనకన్నా ముందు ఎలుకలకు తెలుసు. గోడలో చిటికెనవేలంత రంధ్రం చాలు. లోపలికొచ్చి వైర్ల మీది తొడుగు కొరికి, గడ్డీగాదం తెచ్చి రాక్‌లో కాపురం పెడతాయి. కొరికినదాని కన్నా వాటి మూత్రం చేసే నష్టం ఎక్కువ. సర్క్యూట్ బోర్డు మీది సన్నటి రాగి గీతలను అది తినేస్తుంది. రంధ్రాల్లో ఇనుప పీచు కూరితే రావు. మనం గిన్నెలు తోమే స్టీలు పీచే!

ఎలుకల పెంట కనిపిస్తే చీపురుతో ఊడ్చేస్తాం కదా మనం? అమెరికాలో అలా చేయవద్దని గట్టిగా చెబుతారు. అక్కడి కొన్ని జాతుల ఎలుకల వల్ల హాంటా వైరస్ అనే ప్రాణాంతకమైన జబ్బు వస్తుంది. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు తలుపులు తెరిచి గాలాడనిచ్చి, చేతికి తొడుగులు వేసుకుని, బ్లీచింగు నీళ్లు చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, తడిగుడ్డతో తుడవాలి. ఈ జాగ్రత్త మన స్టోరు గదులకూ మంచిదే.

బ్యాటరీల సంగతి ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇల్లాలికీ తెలిసిందే. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పువ్వులాగా పూస్తుంది చూడండి, ఆ చిలుము గోకి, తుడిచి, వాజలీన్ లాంటిది రాయాలి. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి. ఛార్జి అయ్యేటప్పుడు గ్యాసు వస్తుంది కాబట్టి గదికి గాలి ఆడాలి. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది. ఇప్పుడొచ్చిన లిథియం రకాలను గడ్డకట్టే చలిలో ఛార్జి చేస్తే పాడైపోతాయి, వాటికి వెచ్చదనం ఏర్పాటు ఉండాలి.

ఇక్కడ అందరూ మోసపోయే విషయం ఒకటుంది. పాత బ్యాటరీకి మీటరు పెడితే 12.7 వోల్టులు నిండుగా చూపిస్తుంది. కరెంటు పోయి నిజంగా బరువు మీద పడినప్పుడు పది నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. నమ్మకం కుదరాలంటే ఒకటే దారి. కొండమీదికి వెళ్లినప్పుడు మెయిన్ స్విచ్ ఆపేసి, రిపీటరును బ్యాటరీ మీద గంటలకొద్దీ మాట్లాడించి చూడాలి. ఒక మనిషి లోపల గడియారం చూసుకుంటూ వోల్టులు రాస్తూ కూర్చోవాలి. ఎంత విసుగు పుట్టించే పనో ఊహించుకోండి. ఫొటో తీసి చూపించడానికి కూడా ఏమీ ఉండదు.

పిడుగు గురించి రెండు మాటలు. కొండమీద మట్టి తక్కువ, బండ ఎక్కువ. ఎర్తింగ్ కడ్డీ దిగదు. అందుకని రాగి పట్టీలను వేళ్లలా నలువైపులా బండ మీదుగా పరిచి, టవరునూ, కేబులునూ, రాక్‌నూ అన్నింటినీ ఒకేచోట కలుపుతారు. ఏడాదికోసారి ఆ జోడింపులు బిగించి ఉన్నాయో లేదో చూడాలి. అంతకన్నా మనిషి చేయగలిగింది లేదు.

టవరెక్కేదెవరు?

టవరు ఎక్కడం అందరి పని కాదు. నడుముకూ తొడలకూ పట్టీలున్న జీను కట్టుకుని, రెండు కొక్కేలతో ఎక్కుతారు. ఒకటి విప్పేముందు రెండోది తగిలి ఉండాలి. కింద ఒకరు తప్పనిసరిగా ఉండాలి. అదే టవరు మీద ఎఫ్.ఎం. స్టేషను ఉంటే ఇంకో ప్రమాదం. దాని శక్తి కిలోవాట్లలో ఉంటుంది. కంటికి కనిపించదు గానీ దగ్గరికి పోతే ఒళ్లు కాలుతుంది. స్టేషనువాళ్లు ఆపామని చెప్పేదాకా ఎక్కకూడదు.

ఇందులో ఆడవాళ్లు ఎక్కడున్నారు అని మీరు అడగవచ్చు. హ్యామ్‌ల భాషలో పెళ్లికాని అమ్మాయైనా, అమ్మమ్మ అయినా 'యంగ్ లేడీ'యే, పొట్టిగా వై.ఎల్. అమెరికాలో 1939లో ఎథెల్ స్మిత్ అనే ఆవిడ ఆడ హ్యామ్‌ల కోసం ఒక సంఘమే పెట్టారు. అది వినడానికి బాగానే ఉంది. హ్యామ్ గారి భార్యను మాత్రం ఎక్స్.వై.ఎల్. అంటారు. అంటే 'ఒకప్పటి యంగ్ లేడీ'! సరదాకే అంటారు లెండి. ఆయనగారు టవరెక్కితే కింద తాడు పట్టుకుని, పనిముట్లు బకెట్లో పెట్టి పంపించి, చీకటి పడకముందే దిగమని కేకేసేది చాలాసార్లు ఈ ఒకప్పటి యంగ్ లేడీయే కావచ్చునని నా అనుమానం. ఆవిడ పేరు మాత్రం నోటుపుస్తకంలో ఉండదు.

ఈ పని చేసేవాళ్లకు జీతం లేదు. హ్యామ్ క్లబ్బులకు డబ్బు వచ్చేది సభ్యుల చందాల నుంచి. టవరు చాలాసార్లు ఇంకెవరిదో. గది తాళం ఇచ్చే పెద్దమనిషి దయ మీద బండి నడుస్తుంటుంది. ఆ ఉద్యోగి మారితే మళ్లీ మొదటికి. సెల్‌ఫోన్లు వచ్చాక ఈ అభిరుచి వైపు వచ్చే కుర్రకారు తగ్గారు. ఇంటర్నెట్ ద్వారా ఇంట్లోంచే రిపీటరును ఆపడం, తెరవడం, వోల్టులు చూడడం ఇప్పుడు సాధ్యమే. చెమ్మ తగిలిన టేపు విప్పి కొత్తది చుట్టడం మాత్రం ఇంట్లోంచి కుదరదు. దానికి కాళ్లు కావాలి. అరవై దాటినవాళ్లు ఎన్నాళ్లని కొండలెక్కుతారు?

'సెల్ టవర్లను గట్టిగా కట్టుకుంటే సరిపోదా, ఈ ముసలి రేడియోలెందుకు?' అనేవాళ్లున్నారు. గట్టిగా కట్టమనే నేనూ అంటాను. కానీ సెల్ టవరుకు కరెంటు కావాలి, దాన్ని మిగతా ప్రపంచంతో కలిపే కేబులు కావాలి. ఆ కేబులు పోయేది రోడ్డు పక్కనే. రోడ్డే కొట్టుకుపోతే? రిపీటరుకు ఆ బెడద లేదు. దానికి ఇంకొకరితో పనిలేదు. బ్యాటరీ, యాంటెన్నా ఉంటే చాలు, ఒంటరిగా పలుకుతుంది. హెలీన్ సమయంలో మౌంట్ మిచెల్ మీద గాలి గంటకు 106 మైళ్ల వేగం అందుకుంది. దాదాపు 170 కిలోమీటర్లు.

మన దేశంలోనూ కొన్ని నగరాల్లో, కొన్ని కొండల మీద హ్యామ్ రిపీటర్లున్నాయి. మనకు మంచు బాధ లేదు గానీ కోస్తాలో ఉప్పుగాలి ఉంది, రాయలసీమలో ఎండ ఉంది, కొండెక్కితే కోతులున్నాయి. ఉప్పుగాలికి ఇనుము, ఎండకు కేబుల్ తొడుగు, కోతులకు ఏదైనా సరే!

ఆసక్తి ఉంటే మీరూ ప్రయత్నించవచ్చు. మన దేశంలో హ్యామ్ లైసెన్సు ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖ. 1978 నాటి నియమాల ప్రకారం పన్నెండేళ్లు నిండినవాళ్లు పరీక్ష రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులు. రేడియో సూత్రాలు కొంత, నిబంధనలు కొంత చదవాలి. జనరల్ తరగతికి మోర్స్ కోడ్ కూడా నేర్చుకోవాలి. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి మరిచిపోయినవాళ్లకు కూడా మూణ్నాలుగు నెలల శ్రద్ధతో పట్టుబడే విషయమే. నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు శాఖవారి తాజా ప్రకటన చూసుకోండి. హైదరాబాదులో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఎంతోమందికి శిక్షణ ఇచ్చింది. పిల్లల్ని తీసుకుని తల్లులు, తల్లుల్ని తీసుకుని పిల్లలు కలిసి రాసినా తప్పులేదు.

ఒక హెచ్చరిక. చవకగా దొరుకుతోంది కదా అని చేతి రేడియో ముందే కొనెయ్యకండి. లైసెన్సు లేకుండా అలాంటిది ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ముందు పరీక్ష, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే రేడియో. కొండ ఆ పైన!